సలహాకీ హుకుముకీ మధ్య మూడు పనస చెట్లు

ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో నేను మూడు పనస చెట్లు నరికించాను. గొడ్డలి పట్టింది నేను కాదు. కలం మాత్రమే పట్టాను. కానీ ఆ చెట్లు పడింది నా కలం వల్లనే, ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గేమీ లేదు.

తర్జుమా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఏ నిఘంటువు కొనుక్కోమంటారు మాస్టారూ అని అడుగుతుంటారు. ఏదో ఒకటి కొనుక్కోండి నాయనా, అన్నిట్లోనూ అవే మాటలుంటాయి అంటాను. నేను చెడిపోయింది మాటకు అర్థం తెలియక కాదు. మాట వెనక ఉన్న మనిషి ఎంత గట్టిగా అంటున్నాడో, అవతలి మనిషికి కాదనడానికి ఎంత చోటిస్తున్నాడో పట్టించుకోక చెడిపోయాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, పెన్షను, సన్మానాల గురించి చదవాలనుకుంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళండి.

నా పని

యాభైల మొదట్లో పలాసలో తోటల పెంపకం చూసే ఒక చిన్న సర్కారు ఆఫీసు ఉండేది. అందులో నేను తర్జుమా గుమస్తాని, అదీ టెంపరరీ. మాది టెక్కలి. నాన్న బడిపంతులు, నా ఇంగ్లీషంతా ఆయన బెత్తం చలవ. మా ఆఫీసరు నంబియార్ గారిది మలబారు. ఆయనకు తెలుగులో వచ్చిన మాటలు మూడే: రండి, నీళ్ళు, బాగుంది. ఉద్దానం రైతులకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేనొకణ్ణి.

ఆయన ఉద్దానం ఊళ్ళు తిరిగి కొబ్బరీ, పనసా, జీడిమామిడీ చూసేవారు. తోటలో నిలబడి ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆకు తిప్పి చూసి, మన్ను నలిపి చూసి, తల ఊపి వచ్చేసేవారు. ఆఫీసుకు వచ్చాక వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఒక్కో తోట గురించీ ఇంగ్లీషులో చెప్తే నేను రాసుకునేవాణ్ణి. దాన్ని తెలుగు చేసి ఇస్తే హెడ్ గుమస్తా పాపారావు గారు సంతకం చేసి సీలు వేసేవారు. బంట్రోతు అప్పన్న సైకిలు మీద తీసుకెళ్ళి ఏ తోట కాగితం ఆ తోటవాళ్ళకు ఇచ్చి వచ్చేవాడు.

నంబియార్ గారి ఇంగ్లీషు మహా మెత్తన. ఒక పని చెయ్యమనడానికి ఆయన దగ్గర ఎన్ని దారులుండేవో. మొదట్లో నాకు అన్నీ ఒకటే అనిపించేవి. మెల్లగా తేడా తెలిసింది. 'షల్ వి' అంటే గుమ్మం దాకా వచ్చి, మన ముఖం చూసి, మనం సరేనంటే కాలు బయటపెట్టడం. 'లెట్ అస్' అంటే అప్పటికే చెప్పులు వేసుకుని ఉండటం. 'హౌ అబౌట్' టీ తాగే వేళ మాట, దాంట్లో బరువుండదు. 'వై డోంట్ యూ' అనేది భుజం మీద చెయ్యి వేసి అనేది. ఆయన నాతో అనవచ్చు, నేను ఆయనతో అంటే చెయ్యి ఎక్కువ చనువు తీసుకున్నట్టే. ఇక 'యూ మైట్' అన్నది అన్నిటికన్నా పల్చన. చేస్తే చెయ్యి, మానితే మాను, నాకేం కోపం రాదు అని దాని భావం.

ఈ తేడాలన్నీ నాకు తెలుసు. తెలిసీ కాగితం మీద పెట్టలేదు. అదే నా తప్పు.

నేను పెద్ద దొరను బెదిరించిన రోజు

'తెలిసీ' అన్నాను గానీ, ఒకటి మాత్రం నిజంగానే తెలియదు. అది చెప్పకపోతే మీకు తరువాతి సంగతి రుచించదు.

చేరిన కొత్తలో మద్రాసు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. కాశీబుగ్గలో జీడిపిక్కలు ఎండబోసిన కళ్ళం చూపించడానికి తీసుకెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. ఆయనకు తల మీద వెంట్రుక లేదు, టోపీ కూడా లేదు. నాకు జాలేసింది. ముందుకు వెళ్ళి చాలా మర్యాదగా, "సర్, యూ హాడ్ బెటర్ స్టాండ్ ఇన్ ద షేడ్" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, వెళ్ళి నీడలో నిలబడ్డారు. ఆ తరువాత వెళ్ళేదాకా నా వైపు తిరగలేదు.

సాయంత్రం నంబియార్ గారు నవ్వు ఆపుకుంటూ ఇంగ్లీషులో చెప్పారు. "ఆ గుమస్తా నన్నెందుకు బెదిరించాడు అని అడిగారయ్యా ఆయన." ఆ 'హాడ్ బెటర్' అనే మాట తోకలో ఒక ముల్లు ఉంటుందట. ఈ పని చెయ్యి, లేకపోతే నీకే మంచిది కాదు అని. బిడ్డకు తల్లి చెప్పవచ్చు, రోగికి డాక్టరు చెప్పవచ్చు. టెంపరరీ గుమస్తా మద్రాసు ఆఫీసరుకు చెప్పకూడదు.

"బెటర్ అనే మాట ఉంది కదా సార్, మంచి మాటే అనుకున్నాను" అన్నాను. ఆయన వరండా స్తంభం పట్టుకుని నవ్వారు. మూడు నెలలు ఆఫీసులో అందరూ నన్ను చూసి నీడలో నిలబడేవారు.

పాపారావు గారి వాక్యం

హెడ్ గుమస్తా పాపారావు గారు చెడ్డవారు కాదు. కానీ ఆయన దగ్గర ఒకే ఒక వాక్యం ఉండేది. "వెంటనే చేయవలెను." నంబియార్ గారు ఎంత వినయంగా చెప్పినా, ఆయన సీలు దాటేసరికి అది అదే అయ్యేది.

చేరిన వారంలోనే నేనొక కాగితంలో "చేస్తే బాగుంటుందేమో ఆలోచించగలరు" అని రాశాను. ఆయన ఎర్ర సిరాతో కొట్టేసి నన్ను పిలిచారు.

"ఏటయ్యా ఇది, పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నావేటి? ఆలోచించగలరు అని రాస్తే ఆలోచిస్తూ కూకుంటారు. సర్కారు అడగదు, సెప్తాది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?"

నాకూ అది సుఖంగానే తోచింది. ఒకటే వాక్యం, ఆలోచన అక్కర్లేదు, గంటలో పది కాగితాలు తయారు. నా చేతివేగం చూసి పాపారావు గారు మెచ్చుకున్నారు. పొగడ్తకు పొంగిపోయే వయసు నాది. అప్పట్నుంచి ఆయన వాక్యమే నా వాక్యం అయింది.

పూండి దాటి సముద్రం వైపు వెళ్తే ఉద్దానంలో నీలమ్మ గారి తోట ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడే మనుషుల్ని పెట్టుకుని, తానూ పని చేస్తూ తోట చూసుకునేది. తూర్పు గట్టు మీద ఏడు పాత పనస చెట్లు, వాటి వెనక కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్కలు, అరటి. మేం వెళ్ళిన రోజున ఆ తూర్పు చెట్టు కాయే కోసి మా ఇద్దరికీ తొనలు పెట్టింది. నంబియార్ గారు తిని, తనకు వచ్చిన మూడో తెలుగు మాట అన్నారు.

మర్నాడు వరండాలో ఆ తోట గురించి చివరగా ఒక మాట చెప్పారు. 'షీ మైట్ థింక్ ఆఫ్ టేకింగ్ అవుట్ ద ఓల్డ్ జాక్స్, సమ్ డే.' ఎప్పుడో ఒకనాడు, కొబ్బరి ఎదిగాక, ఆవిడకు ఇష్టమైతే, ఆ పాత పనసలు తీసేసే సంగతి ఆలోచించుకోవచ్చునేమో అని. అంత పల్చటి మాట. నేను రాసింది ఇది: "తూర్పు గట్టు మీది పాత పనస చెట్లు వెంటనే తీసివేయవలెను." పాపారావు గారు సీలు వేశారు.

గొడ్డళ్ళు

అప్పన్న కాగితం ఇచ్చి వచ్చిన మర్నాడు, తన ఊరూ అటే కాబట్టి, పొద్దున్న ఆఫీసుకు వస్తూనే వార్త తెచ్చాడు.

"ఆ నీలమ్మ తోటలో గొడ్డళ్ళు పట్టినారు బాబూ. పనస సెట్లు కొట్టేత్తన్నారు. కాయలున్న సెట్లు. సూసి రాలేకపోనాను."

ఆఫీసు సైకిలు తీసుకుని పరుగెత్తాను. రోడ్డు ఉన్నంతవరకూ తొక్కాను, ఇసక వచ్చిన దగ్గర్నుంచి సైకిలును నేను మోశాను. దారి పొడుగునా ఒకటే లెక్క, ఏడులో ఎన్ని మిగిలాయో అని. వెళ్ళేసరికి మూడు పడి ఉన్నాయి. నాలుగోదానికి ఇద్దరు మనుషులు తాడు కడుతున్నారు. పచ్చి పిందెలు ఇసకలో దొర్లుతున్నాయి. నీలమ్మ గారు కొంచెం ఎడంగా, చెట్లకు వీపు తిప్పి కూర్చుని ఉంది.

"ఆపండి" అన్నాను. రొప్పుతో గొంతు రాలేదు, మళ్ళీ అన్నాను.

ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చింది. కొంగున కట్టిన కాగితం తీసి చూపించింది. "ఏటి బాబూ, కొట్టమని నువ్వే రాసినావు. ఆపమని నువ్వే అంటన్నావు. ఇదీ ఆర్డరేనా, ఉత్త మాటా?"

"బతిమాలుకోవడం అమ్మా" అన్నాను. అంతకన్నా నిజమైన మాట నాకు తోచలేదు.

ఆవిడ మనుషులకు చెయ్యి ఊపింది. తాడు విప్పేశారు. అప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆఫీసరు నరకమనలేదని, ఎప్పుడైనా ఇష్టమైతే ఆలోచించుకోమన్నారని, దాన్ని హుకుం చేసింది నేనేనని. తిడుతుందనుకున్నాను. ఆవిడ పడిపోయిన చెట్ల వైపు తిరిగి, ఒకదాన్ని చూపించింది.

"అది మా అత్త పెట్టిన సెట్టు" అంది. "ఆ గట్టు మీద పనసలున్నాయి గాబట్టే సముద్రం గాలికి నా అరిటి నిలబడింది. తీసీకూడదని నాకు తెలుసు బాబూ."

"తెలిసి ఎందుకు కొట్టించారమ్మా?"

"సీలుంది కదా. సీలున్న కాయితానికి ఎదురు మాటాడితే ఏటవుద్దో జమీందార్ల ఎస్టేటు రోజుల్లో సూసినోల్లం. నువ్వు సలహా అని రాసుంటే నీ ఆఫీసుకొచ్చి నీతో దెబ్బలాడేదాన్ని. దెబ్బలాడితే సెట్లు బతికుండేవి."

అరవై ఏళ్ళుగా ఆ మాట నన్ను వదల్లేదు. ఏ పుస్తకమూ సలహా అంటే ఏమిటో ఇంత తేటగా నాకు చెప్పలేదు. అవతలివాడు నీతో దెబ్బలాడటానికి వీలున్నది సలహా. వీలు లేనిది హుకుం. మాట ఎంత మెత్తగా ఉందన్నది తరువాతి సంగతి.

లేచి వచ్చేస్తుంటే ఇంకొకటి కూడా చెప్పింది. "మా దగ్గర ఒకరి తోటలో నిలబడి ఇది కొట్టు, అది పెట్టు అని ఎవులూ అనరు బాబూ. గట్టు అవతల కూకుని, మా తోటలో నాను ఇలగ సేసినాను అని తన కత సెప్పుకుని ఎల్లిపోతారు. ఇన్నోడికి బుద్ధుంటే అందులోంచి ఏరుకుంటాడు."

నంబియార్ గారి 'యూ మైట్'కి తెలుగు దొరక్క పాపారావు గారి వాక్యం రాశానని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. దానికి తెలుగు ఆ గట్టు అవతల ఎన్నాళ్ళ నుంచో కూర్చుని ఉంది. నేనే వెళ్ళి అడగలేదు.

ప్లాట్‌ఫారం మీద

పాపారావు గారు సంగతి విని తలుపు దగ్గరగా వేశారు. "నోరు మూసుకో. ఆయనకి తెలుగు రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. రెండు కాగితాలూ చదవగలిగేది మనిద్దరమే. సెప్పేవంటే నీ ఉద్యోగం ఊడుద్ది, నాకు మెమో వస్తాది. మూడు సెట్ల కోసం రెండు కుటుంబాలు రోడ్డున పడాలా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా నాన్న రిటైరై జీతం ఆగిపోయి ఏడాదైంది, ఇంట్లో పొయ్యి నా ఉద్యోగం మీదే వెలుగుతోంది. రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు నంబియార్ గారు క్యాంపు నుంచి వస్తే పలాస స్టేషనుకు ఎదురు వెళ్ళాను. పెట్టె అందుకుంటూనే ప్లాట్‌ఫారం మీదే చెప్పేశాను. పాపారావు గారి పేరు ఎత్తలేదు. కలం నాది కాబట్టి తప్పూ నాదే అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "యూ హాడ్ బెటర్ కమ్ విత్ మీ" అన్నారు.

ఆ ముల్లున్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నేరుగా నీలమ్మ గారి తోటకే వెళ్ళాం. ఆయన మూడు మొద్దుల దగ్గరా నిలబడి చూశారు. తరువాత తోట బయటికి నడిచి, గట్టు అవతల ఇసకలో కూర్చున్నారు. దారిలో నేను చెప్పిన ఆచారం ఆయన మరిచిపోలేదు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఆఫీసరు ఇసకలో కూర్చోవడం చూసి నీలమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మలబారులో తన తల్లి తోట గురించి చెప్పారు. కుర్రతనంలో తాను తెలివితక్కువగా ఒక చెట్టు కొట్టిస్తే తల్లి నెల రోజులు మాట్లాడలేదని చెప్పారు. నేను ఒక్కో మాటా జాగ్రత్తగా తెలుగు చేశాను. అది అయ్యాక క్షమించమన్నారు.

ఆవిడ నా వైపు తిరిగి, "ఈ మాట సరిగ్గానే సెప్పినావా, దీన్నీ తిప్పీసినావేటి?" అంది.

అప్పన్న పరీక్ష

నా ఉద్యోగం పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక నియమం వచ్చింది. నేను రాసిన ప్రతి తెలుగు కాగితమూ సీలు పడకముందు అప్పన్నకు చదివి వినిపించాలి. నంబియార్ గారు ఎదురుగా కుర్చీలో కూర్చుని అప్పన్న ముఖం చూసేవారు, తెలుగు రాకపోయినా. అప్పన్న చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడంటే అది హుకుం అయిపోయింది, మళ్ళీ రాయాలి. తల గోక్కుని, "అలగైతే మరి నీల్లెక్కడివి బాబూ" అని ఎదురు ప్రశ్న వేశాడంటే అది సలహా, సీలు వెయ్యొచ్చు. ఇంతకన్నా మంచి పరీక్ష నేను తరువాత ఏ పెద్ద ఆఫీసులోనూ చూడలేదు. పిల్లలూ, మీ ఆఫీసులో ఒక అప్పన్నను వెతుక్కోండి.

పాపారావు గారు మొదట్లో గింజుకున్నారు. బంట్రోతు చేత డ్రాఫ్టులు దిద్దించడమేమిటని నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అప్పన్న మాత్రం ఆ గదిలోకి వచ్చే ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు.

అన్నీ సలహాలే రాయమని నేను చెప్పడం లేదు. ఆ ఏడు కొబ్బరికి పురుగు వస్తే, పట్టిన చెట్టు కాల్చెయ్యాలని నంబియార్ గారు ఒక్క వాక్యంలో చెప్పారు. అది ఒక్క వాక్యంలోనే రాశాను. అప్పన్న నిటారుగా నిలబడ్డాడు, నంబియార్ గారు తల ఊపారు. గట్టిగా చెప్పాల్సిన చోట నసిగితే అదీ మోసమే.

జవాబు

మరుసటి ఏడు వానలకు ముందు నీలమ్మ గారి తోటకు మళ్ళీ ఒక కాగితం వెళ్ళింది. పనసలు పోయిన చోటుకు అవతల ఉన్న ఇసక దిబ్బ మీద జీడిమొక్కలు వేస్తే గాలి ఆగుతుందేమోనని నంబియార్ గారి ఊహ. నేనిలా రాశాను: "వేరే చోట కొందరు దిబ్బ మీద జీడిమామిడి వేసి బాగుందంటున్నారు. మీ దిబ్బకు అది నప్పుతుందో లేదో మాకన్నా మీకే తెలుసు. ఏమనుకుంటున్నారో తెలియజేస్తే సంతోషిస్తాం." అప్పన్న రెండు ప్రశ్నలు వేశాడు. సీలు పడింది.

పది రోజులకు ఆఫీసుకొక కార్డు వచ్చింది. నా ఎరుకలో ఒక రైతు నుంచి మా సలహా కాగితానికి వచ్చిన మొదటి జవాబు అది. ఊరి బడిపంతులు చేత రాయించింది. మొత్తం రెండు ముక్కలు: "ఆలోచించినాను. వెయ్యను."

పాపారావు గారు కార్డు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "సర్కారు కాగితానికి వెయ్యను అని జవాబా? ఇది ధిక్కారం కాదేటి?"

నేను దాన్ని నంబియార్ గారికి చదివి ఇంగ్లీషు చేసి చెప్పాను. ఆయన మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఆయన కార్డు తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, అద్దం కింద టేబులు మీద పెట్టుకున్నారు. బదిలీ అయ్యేదాకా అది అక్కడే ఉంది. అంత ఆనందంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ అంతే. నా కాగితం చదివిన మనిషి కాదనగలిగింది. అంతకన్నా నాకేం కావాలి?

జవాబుగా ఆయన ఒకే వాక్యం చెప్పారు. 'దెన్ వాట్ వుడ్ యూ సజెస్ట్?' నేను తెలుగు చేసి అప్పన్నకు వినిపించాను. "మరైతే ఏం చేద్దామంటారమ్మా?" అప్పన్న తల గోక్కోలేదు, నిటారుగా నిలబడనూ లేదు. నవ్వాడు.

దానికి కార్డు రాలేదు. అప్పన్న చేత కబురు వచ్చింది. "రమ్మను. సూపిత్తాను."

వెళ్ళాం. ఆవిడ ముందు నడుస్తూ దిబ్బ ఎక్కించింది. "ఈ దిబ్బ నడుత్తాది బాబూ. ఎండాకాలం గాలికి ఏటా ఇంత లోపలికొస్తాది. ఇప్పుడు జీడి పెడితే నిరుడు నాను పెట్టిన కంచెలాగే ఇసకలో పూడిపోద్ది. ముందు మొగలి పెట్టి దిబ్బని కట్టాల, ఆ పక్కన సరుగుడు. అది నిలబడితే అప్పుడు సూద్దుము మీ జీడి." నంబియార్ గారు నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. ఆయన రాసుకోవడం, రైతు చెప్పడం, నేను రెండో వైపు నుంచి తర్జుమా చెయ్యడం అదే మొదలు.

దిగి వచ్చాక ఎండకు నేను ఆయాసపడుతుంటే తూర్పు గట్టు దగ్గర ఆగింది. మిగిలిన నాలుగు పనసలూ కాయలతో నిండుగా ఉన్నాయి. వాటి పక్కన మూడు మొద్దులు. ఒకదాని మీద ఎండుటాకులు చేత్తో తుడిచి, నన్ను చూసింది.

"కూకో బాబూ" అంది. "నీ సెట్టే కదా."

కూర్చున్నాను. అది సలహానో హుకుమో నేను ఆలోచించలేదు.